ముందునాటి చిత్రం: ఉపగ్రహ రాడార్‌తో నేల కదలికల కొలత

నిత్యజీవితంలో నేలను కదలనిదానిగానే అందరూ లెక్కవేస్తారు. ఇంటికి పునాది తీసేటప్పుడైనా, రైలు పట్టాలు పరిచేటప్పుడైనా, కాలువకు వాలు నిర్ణయించేటప్పుడైనా ఎత్తుపల్లాల లెక్కలన్నిటికీ ఆధారం ఆ నేలే. అయినా నేల కదులుతూనే ఉంటుంది. పెద్ద భూకంపం వచ్చినప్పుడు కొన్ని క్షణాల్లో మీటర్ల మేర పక్కకు జరుగుతుంది. లోపల శిలాద్రవం చేరుతున్న అగ్నిపర్వతం చుట్టూ ఏళ్ల తరబడి ఉబ్బుతుంది. భూగర్భజలాన్ని తోడేసిన ఒండ్రు మైదానాల్లో ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున కుంగుతుంది. బొగ్గు తీసేసిన గనిమీద పల్లంగా దిగిపోతుంది. నేల ఉపరితలం తన పూర్వపు ఆకారం నుంచి, పూర్వపు చోటు నుంచి ఈ విధంగా తొలగడాన్ని భూశాస్త్రజ్ఞులు భూతల విరూపణ అంటారు. దాదాపు 700 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహం నుంచి ఈ విరూపణను సెంటీమీటర్లలోనూ, అనుకూలమైన చోట మిల్లీమీటర్లలోనూ కొలవడం గత మూడు దశాబ్దాలలో సాధ్యమైంది. ఆ కొలత ఎలా సాగుతుందో, అది ఎక్కడ నమ్మదగినదో, ఎక్కడ జాగ్రత్త అవసరమో వివరించడం ఈ ప్రసంగం ఉద్దేశం.

ఉపగ్రహాలకు ముందు కూడా ఈ కొలతలు లేకపోలేదు. సర్వే శాఖ వారు ఎత్తు నిర్ణయించి పాతిన రాళ్లను ఆధారంగా తీసుకొని, లెవెల్ యంత్రంతోనూ గుర్తులు గీసిన కొయ్యతోనూ ఒక చోటి నుంచి మరొక చోటికి ఎత్తుల తేడాను మోసుకుంటూ పోయే పద్ధతి చాలా కచ్చితమైనది. ఇప్పటికీ దానికి విలువ తగ్గలేదు. తరువాత వచ్చిన జీపీఎస్ రిసీవర్లు, ఒకే బిందువు దగ్గర ఏళ్ల తరబడి నిలిపి ఉంచితే, ఆ బిందువు ఏ దిక్కుకు ఏడాదికి ఎన్ని మిల్లీమీటర్లు కదులుతున్నదో చెప్పగలవు. అయితే ఈ రెండు పద్ధతులూ మనిషి ముందుగా ఎంచుకున్న బిందువుల దగ్గరే పనిచేస్తాయి. రెండు రాళ్ల నడుమ ఉన్న ఊరు కుంగుతుంటే, రాళ్లు రెండూ నిలకడగా ఉన్నంతకాలం, ఆ సంగతి లెక్కలోకి రాదు. ఎక్కడ కదలిక ఉందో ముందే తెలిస్తే తప్ప అక్కడ కొలత పెట్టరు. కొలత పెడితే తప్ప కదలిక ఉన్నట్టు తెలియదు. రాడార్ పద్ధతి ఈ చిక్కును తప్పించింది.

రాడార్ తానే రేడియో తరంగాలను పంపి, నేలను తాకి వెనక్కి వచ్చిన భాగాన్ని అందుకుంటుంది గనుక దానికి పగటి వెలుగుతో పనిలేదు. మబ్బు, పొగ ఆ తరంగాలను ఆపలేవు గనుక వానాకాలంలో కూడా అది నేలను చూస్తూనే ఉంటుంది. కెమెరాలున్న ఉపగ్రహాలకు జూలై, ఆగస్టు నెలల్లో దక్కన్ పీఠభూమి మీద దొరికే చిత్రాలు ఎంత తక్కువో తెలిసినవారికి ఈ సౌలభ్యం విలువ వేరే చెప్పనక్కరలేదు. అయితే రాడార్‌కు ఒక పాత లోపం ఉంది. యాంటెన్నా ఎంత చిన్నదైతే దాని కిరణపుంజం అంత వెడల్పుగా విచ్చుకుంటుంది. పది మీటర్ల యాంటెన్నా నుంచి అయిదారు సెంటీమీటర్ల తరంగాలను పంపితే, 785 కిలోమీటర్ల కింద నేలను తాకేసరికి ఆ పుంజం నాలుగు కిలోమీటర్లకు పైగా వెడల్పవుతుంది. అంత మొద్దు చూపుతో ఊళ్లూ వీధులూ కనిపించవు. అమెరికా ఇంజనీరు కార్ల్ వైలీ 1951లో దీనికి ఉపాయం సూచించాడు. రాడార్ ముందుకు సాగుతూ వేలసార్లు తరంగాలను పంపి, ప్రతి ప్రతిధ్వనినీ పూర్తిగా నమోదు చేసుకుంటే, ఆ ప్రతిధ్వనులన్నిటినీ తరువాత గణితంతో జతకూర్చి, తాను ప్రయాణించిన కిలోమీటర్ల దూరమంతా ఒకే యాంటెన్నా అయినట్టుగా ఫలితం రాబట్టవచ్చు. దీనినే సింథటిక్ ఎపర్చర్ రాడార్ అంటారు. పది మీటర్ల యాంటెన్నాతోనే, ప్రయాణ దిశలో అయిదారు మీటర్ల వివరం ఈ విధంగా దొరుకుతుంది.

అయిదు మీటర్ల వివరం చూసే పరికరం అయిదు మిల్లీమీటర్ల కదలికను ఎలా పట్టుకుంటుందన్నది సహజంగా వచ్చే ప్రశ్న. దానికి జవాబు తరంగ స్వభావంలో ఉంది. తరంగం ఒక శిఖరం నుంచి తరువాతి శిఖరం వరకు సాగే దూరం దాని తరంగదైర్ఘ్యం. వెనక్కి వచ్చిన తరంగం ఆ శిఖరానికీ ఈ శిఖరానికీ నడుమ ఏ మజిలీలో ఉన్నదో చెప్పే కొలతను దశ అంటారు. రాడార్ ప్రతిధ్వని ఎంత బలంగా ఉన్నదో నమోదు చేయడంతోపాటు, ఏ దశలో చేరిందో కూడా నమోదు చేస్తుంది. యూరప్ అంతరిక్ష సంస్థకు చెందిన సెంటినెల్-1 రాడార్ తరంగదైర్ఘ్యం సుమారు 5.5 సెంటీమీటర్లు. నేల ఉపగ్రహానికి దూరంగా అందులో సగం, అంటే దాదాపు 2.8 సెంటీమీటర్లు, జరిగితే, పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ కలిపి తరంగం అదనంగా ఒక పూర్తి తరంగదైర్ఘ్యం ప్రయాణిస్తుంది. దశ ఒక చుట్టు తిరుగుతుంది. చుట్టులో పదోవంతును గుర్తించగలిగినా సుమారు మూడు మిల్లీమీటర్ల కదలిక తెలిసినట్టే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. గంటల ముల్లు ఊడిపోయి నిమిషాల ముల్లు మాత్రమే మిగిలిన గడియారం పావుగంట అయిందని చెప్పగలదు గాని, ఏ గంటకు పావు అన్నది చెప్పలేదు. దశ కూడా అంతే. చుట్టులో ఎంత భాగం తిరిగిందో చెబుతుంది తప్ప, దానికి ముందు ఎన్ని పూర్తి చుట్లు తిరిగిందో చెప్పదు. అందువల్ల ఒక బిందువు నుంచి పక్క బిందువుకు, అక్కడి నుంచి ఆ పక్కదానికి దశ ఎంతెంత మారుతూ వచ్చిందో క్రమంగా కలుపుకుంటూ పోయి మొత్తం కదలికను లెక్కగట్టాలి. కదలిక నెమ్మదిగా, ఎడతెగకుండా మారుతున్నంతవరకు ఈ లెక్క సాఫీగా సాగుతుంది. నేల హఠాత్తుగా తెగి పక్కకు జరిగిన చోట లెక్క తెగిపోతుంది.

ఒకే చిత్రంలోని దశ మటుకు ఏ అర్థమూ ఇవ్వదు. రాడార్ చిత్రంలో ఒక్క చుక్క నేలమీద వందల చదరపు మీటర్ల మేరకు ఉండవచ్చు. అందులోని రాళ్లు, గోడలు, గట్లు, పొదలు వేటికవే వేరువేరు ప్రతిధ్వనులను పంపగా అవన్నీ కలిసి ఒక దశగా ఏర్పడతాయి. ఆ కలయిక ఎటూ పొంతన లేనట్టు కనిపిస్తుంది. అయితే ఉపగ్రహం కొన్ని రోజుల తరువాత దాదాపు అదే మార్గంలో మళ్లీ వచ్చి, అదే కోణం నుంచి అదే చుక్కను చూసినప్పుడు, ఆ రాళ్లూ గోడలూ తమ తమ అమరిక మార్చుకోకుండా ఉంటే, ఆ గజిబిజి మళ్లీ యథాతథంగా కనిపిస్తుంది. మొదటి చిత్రం దశను రెండవ చిత్రం దశలోంచి తీసివేస్తే గజిబిజి రద్దయి, రెండు తేదీల నడుమ ఉపగ్రహానికీ నేలకూ మధ్య దూరంలో వచ్చిన మార్పు మాత్రం మిగులుతుంది. ఉపగ్రహం రెండోసారి వచ్చిన దారి మొదటి దారికి కొన్ని పదుల మీటర్లో, వందల మీటర్లో పక్కన ఉంటుంది గనుక కొండల ఎత్తు కూడా ఆ తేడాలో కొంత కలుస్తుంది. ఎత్తుల పటం సహాయంతో దానిని లెక్కగట్టి తీసివేస్తారు. ఇలా తయారైన చిత్రాన్ని వ్యతికరణ చిత్రం అంటారు. రెండు తరంగాలు కలిసినప్పుడు వాటి దశల తేడానుబట్టి ఒకచోట బలపడి మరొకచోట క్షీణించే గుణానికి భౌతికశాస్త్రంలో వ్యతికరణం అని పేరు.

ఈ పద్ధతిలో కొలత ఎప్పుడూ రెండు తేదీల మధ్యది. ఒక్క చిత్రంతో ఏ కదలికా తెలియదు. విపత్తు జరిగాక ఎంత మంచి రాడార్‌ను ఆ చోటి మీదికి తిప్పినా, జరగకముందు తీసిన చిత్రం దాచి ఉండకపోతే, ఆ విపత్తు నేలను ఎంత కదిలించిందో కొలవడం సాధ్యం కాదు. ఏ విశేషమూ లేని రోజున, ఎవరూ పట్టించుకోని నేలమీద తీసిన మామూలు చిత్రమే తరువాత ఎప్పుడో అమూల్యమవుతుంది. ఈ రంగం చరిత్ర అంతా ఆ ముందునాటి చిత్రం చుట్టూ అల్లుకున్నదే.

1978లో అమెరికా ప్రయోగించిన సీశాట్ అనే సముద్ర పరిశీలక ఉపగ్రహం నాలుగు నెలలైనా నిండకుండానే పాడైపోయింది. అయితే అది తీసిన చిత్రాలు భద్రంగా ఉన్నందువల్ల, పదకొండేళ్ల తరువాత 1989లో గేబ్రియెల్, గోల్డ్‌స్టీన్, జెబ్కర్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు వాటిని మళ్లీ తీసి, కాలిఫోర్నియాలోని ఇంపీరియల్ వ్యాలీలో నీరు పెట్టిన పొలాల బంకమట్టి ఉబ్బి నేల కొన్ని సెంటీమీటర్లు పైకి లేచిందని చూపగలిగారు. ఎవరూ ఆ పని కోసం తయారుచేయని ఉపగ్రహం, ఎవరూ ఆ ఉద్దేశంతో తీయని చిత్రాలు అవి.

పద్ధతికి లోకప్రసిద్ధి తెచ్చింది మాత్రం లాండర్స్ భూకంపం. 1992 జూన్ 28 తెల్లవారుజామున కాలిఫోర్నియాలోని మొహావే ఎడారిలో 7.3 పరిమాణంతో వచ్చిన ఆ భూకంపం దాదాపు 85 కిలోమీటర్ల పొడవున నేలను చీల్చింది. కొన్నిచోట్ల చీలికకు అటూ ఇటూ ఉన్న నేల ఒకదానిపక్కగా ఒకటి ఆరు మీటర్ల వరకు జరిగింది. అంతకు ముందు ఏడాది జూలైలో యూరప్ ప్రయోగించిన ఈఆర్ఎస్-1 ఉపగ్రహం భూకంపానికి ముందు ఏప్రిల్ నెలలోనూ, తరువాత ఆగస్టులోనూ ఆ ఎడారిని చూసింది. ఫ్రాన్స్ అంతరిక్ష సంస్థకు చెందిన దిదియే మాసోనే, ఆయన సహచరులు ఆ చిత్రాలతో తయారుచేసిన వ్యతికరణ చిత్రాన్ని 1993 జూలైలో నేచర్ పత్రిక ప్రచురించింది.

ఆ చిత్రాన్ని చూడలేని శ్రోతల కోసం దానిని కొంత వర్ణించడం అవసరం. దూరాన, భూకంపం అంతగా తాకని చోట, రంగు పట్టీలు వెడల్పుగా, విడివిడిగా ఉంటాయి. భ్రంశరేఖ, అంటే శిలలు తెగి జరిగే చీలిక, దగ్గరపడుతున్నకొద్దీ అవి సన్నబడి ఒకదానికొకటి ఒరుసుకుంటూ చీలికకు ఇరువైపులా వంపు తిరిగి చేరతాయి. ఒక రంగుల వలయం మొదలై మళ్లీ అదే రంగు వచ్చేసరికి నేల ఉపగ్రహం చూపు దిశలో 28 మిల్లీమీటర్లు కదిలిందని అర్థం. ఈ పట్టీలను లెక్కిస్తూ పోతే ఎడారిలోని ఏ చోటుకైనా కదలిక లెక్క దొరుకుతుంది. చీలికను ఆనుకొని ఉన్న సన్నని మేరలో మాత్రం పట్టీలు కలగాపులగమైపోయాయి. అక్కడ నేల నలిగి, రాళ్లు దొర్లి, రెండు చిత్రాల మధ్య పొంతన చెడింది. అంతవరకు భూకంప శాస్త్రజ్ఞులు కొన్ని పదుల బిందువుల కొలతల నుంచి ఊహించి గీసుకున్న ఆకృతి, వేల చదరపు కిలోమీటర్ల మేర సందు లేకుండా ఒక్క చిత్రంలో కంటికి కనిపించింది. భూమి లోపల ఎంత లోతున, ఏ వాలున శిలలు తెగాయో ఆ పట్టీల ఆకారం నుంచి వెనక్కి లెక్కగట్టడం అప్పటి నుంచి ఒక శాఖగా పెరిగింది. 2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో గోర్ఖా భూకంపం వచ్చినప్పుడు, ఖాట్మండూ పరిసరాలు సుమారు ఒక మీటరు పైకి లేచాయనీ, వాటికి ఉత్తరాన ఉన్న హిమాలయ శిఖరాల ప్రాంతం కిందికి దిగిందనీ రోజుల్లోనే తేల్చగలగడం ఈ పద్ధతి చలవే.

అగ్నిపర్వతాల విషయంలో ముందునాటి చిత్రాలు మరింత ఆశ్చర్యకరమైన పని చేశాయి. బొలీవియాలో ఉతురుంకు అనే అగ్నిపర్వతం లక్షల సంవత్సరాలుగా బద్దలైన దాఖలా లేనిది. దానిని కనిపెట్టి ఉండవలసిన అవసరం ఎవరికీ తోచలేదు. మధ్య ఆండీస్ పర్వతశ్రేణిలోని వందల అగ్నిపర్వతాల పాత రాడార్ చిత్రాలను వరసగా పరిశీలించిన మాథ్యూ ప్రిచర్డ్, మార్క్ సైమన్స్ 2002లో ప్రచురించిన పరిశోధనలో, ఆ పర్వతం చుట్టూ దాదాపు 70 కిలోమీటర్ల వెడల్పున నేల ఏడాదికి ఒకటి రెండు సెంటీమీటర్లు ఉబ్బుతున్నదని తేలింది. కాపలా పెట్టని చోట కూడా కదలికను పట్టుకోగలగడమే రాడార్ పద్ధతికి నిజమైన బలమని ఇక్కడ స్పష్టపడుతుంది.

బలాన్ని చెప్పినంత నిక్కచ్చిగా పరిమితులను కూడా చెప్పుకోవాలి. రంగుల పటం చూడగానే నమ్మేయాలనిపిస్తుంది గనుక ఈ జాగ్రత్త మరీ అవసరం. మొదటిది, రాడార్ కొలిచేది తన చూపు దిశలో వచ్చిన దూరపు మార్పునే. అది ఏటవాలుగా చూస్తుంది గనుక ఆ మార్పులో నేల కుంగిన భాగమెంతో, పక్కకు జరిగిన భాగమెంతో ఒక్క మార్గం నుంచి తేలదు. ఉపగ్రహం దక్షిణం నుంచి ఉత్తరానికి పోతూ ఒక పక్క నుంచీ, ఉత్తరం నుంచి దక్షిణానికి వస్తూ మరొక పక్క నుంచీ తీసిన చిత్రాలు రెండూ ఉంటే కుంగుదలనూ తూర్పుపడమర కదలికనూ విడదీయవచ్చు. ఉత్తరదక్షిణ కదలిక మాత్రం దాదాపు కనిపించకుండానే పోతుంది.

రెండవది గాలిలోని తేమ. నీటిఆవిరి రేడియో తరంగాలను కాస్త ఆలస్యం చేస్తుంది. ఆ ఆలస్యం దూరం పెరిగినట్టే లెక్కకు వస్తుంది. గాలి తేమలో 20 శాతం తేడా ఉంటే కొలతలో పది సెంటీమీటర్ల పొరపాటు రావచ్చునని 1997లో జెబ్కర్ బృందం చూపింది. సిసిలీలోని ఎట్నా అగ్నిపర్వతం కుంగిందని 1995లో వచ్చిన ప్రసిద్ధమైన ఫలితంలో కొంత భాగం నేలది కాదనీ, పర్వతం ఎత్తుతోపాటు మారే గాలి పొరలదనీ తరువాతి పరిశోధనలు వివరించాయి. ఆ విమర్శ ఎట్నా పరిశోధన గౌరవాన్ని తగ్గించలేదు గాని, ఒకే జత చిత్రాలతో తొందరపడి తీర్పు చెప్పకూడదన్న పాఠాన్ని ఈ రంగానికి నేర్పింది.

మూడవది, తెలుగు నేలకు బాగా వర్తించేది, పచ్చదనం. రెండు చిత్రాల నడుమ చుక్కలోని అమరిక మారకుండా ఉండే గుణాన్ని సంబద్ధత అంటారు. ఎడారిలో అది నెలల తరబడి నిలుస్తుంది. వరిపొలంలో కొన్ని రోజులకే పోతుంది: దుక్కి దున్నుతారు, నీరు పెట్టి దమ్ము చేస్తారు, నాట్లు వేస్తారు, పైరు ఎదుగుతుంది, కోస్తారు. ఇన్ని మార్పుల మధ్య అయిదు సెంటీమీటర్ల తరంగానికి ఆ పొలం ప్రతిసారీ కొత్త పొలమే. గోదావరి, కృష్ణా డెల్టాల వంటి చోట్ల ఈ తరంగదైర్ఘ్యంతో తీసిన వ్యతికరణ చిత్రాల్లో ఊళ్లు, వంతెనలు, రోడ్లు మాత్రమే పనికివచ్చే చుక్కలుగా మిగిలి, పొలాలన్నీ అర్థంలేని చుక్కల రాశిగా కనిపించడానికి కారణం ఇదే.

ఈ ఇబ్బందులకు ఇటలీలోని మిలాన్ సాంకేతిక విశ్వవిద్యాలయం నుంచి మంచి పరిష్కారం వచ్చింది. ఫెరెట్టి, ప్రాతి, రోక్కా 2001లో ప్రచురించిన పద్ధతిలో రెండు చిత్రాలకు బదులు ఒకే చోటివి పదుల సంఖ్యలో చిత్రాలు తీసుకుంటారు. వాటన్నిటిలోనూ ప్రతిధ్వని నిలకడగా ఉన్న చుక్కలను, అంటే మేడ అంచులు, ఇనుప స్తంభాలు, రాతి గుట్టలు వంటివాటిని మాత్రం ఏరుతారు. వీటిని స్థిర పరావర్తకాలు అంటారు. నేల కదలిక కాలంతోపాటు క్రమంగా పెరుగుతుంది. గాలి తేమ వల్ల వచ్చే తేడా ఒక్కో తేదీకి ఒక్కో తీరున ఉంటుంది. ఈ భేదాన్ని ఆధారం చేసుకొని రెండింటినీ వేరుచేస్తే, ఏడాదికి ఒకటి రెండు మిల్లీమీటర్ల కదలిక కూడా తేలుతుంది. సహజంగా అటువంటి చుక్కలు లేనిచోట, మూడు లోహపు పలకలను ఒకదానికొకటి లంబంగా అతికి, గదిమూల ఆకారంలో నేలమీద బిగిస్తారు. తెరిచి ఉన్న వైపు నుంచి వచ్చిన తరంగాన్ని అది వచ్చిన దిక్కుకే తిప్పిపంపే ఈ మూలపలకలు రాడార్ చిత్రంలో మెరిసే చుక్కలుగా కనిపిస్తాయి.

భూగర్భజలం తోడడం వల్ల కలిగే కుంగుదల దగ్గర కొంతసేపు ఆగడం న్యాయం, ఎందుకంటే ఈ పద్ధతి అత్యధికంగా అక్కరకు వచ్చేది అక్కడే. ఒండ్రు మైదానంలో ఇసుక పొరల నడుమ బంకమట్టి పొరలు ఉంటాయి. వాటి రంధ్రాల్లోని నీరు పైనున్న నేల బరువులో కొంత భాగాన్ని మోస్తుంది. బోర్లతో నీరు తోడేసినప్పుడు ఆ మోత మట్టిరేణువుల మీద పడి, బంకమట్టి పొరలు నలిగి పలచబడతాయి. మళ్లీ వానలు పడి నీటిమట్టం కోలుకున్నా, నలిగిన బంకమట్టి చాలావరకు తిరిగి లేవదు. కాలిఫోర్నియాలోని సెంట్రల్ వ్యాలీలో మెండోటా దగ్గర 1925 నుంచి 1977 వరకు నేల ఈ విధంగా సుమారు తొమ్మిది మీటర్లు కుంగింది. ఢిల్లీ విమానాశ్రయానికి దగ్గరలో ఉన్న కపషేరా ప్రాంతంలో 2014-16 మధ్య ఏడాదికి 11 సెంటీమీటర్ల చొప్పున ఉన్న కుంగుదల 2018-19 నాటికి 17 సెంటీమీటర్లకు పెరిగిందని సెంటినెల్-1 చిత్రాలతో చేసిన పరిశోధన 2022లో వెల్లడించింది. తెలంగాణలోనూ రాయలసీమలోనూ బోర్లు వందల అడుగుల లోతుకు పోయి ఎండిపోతున్నా నేల ఈ తీరున కుంగకపోవడానికి కారణం అక్కడి గట్టి రాయి. గ్రానైటు పగుళ్లలో నిలిచిన నీరు పోయినా రాయి నలగదు. అందువల్ల అక్కడ నీటి కరువును నేల కుంగుదల ద్వారా రాడార్ గుర్తించలేదు. నీటిమట్టాన్ని బావుల్లోనే కొలవాలి. సింగరేణి బొగ్గు పొరలున్న గోదావరి లోయ సంగతి వేరు. భూగర్భ గనుల్లో బొగ్గు తీసి పైకప్పును కూలనిచ్చిన చోట పైనేల కుంగడం సహజం గనుక అక్కడ రాడార్ కొలతకు తగిన పని ఉంది.

2023 జనవరిలో ఉత్తరాఖండ్‌లోని జోషీమఠ్ పట్టణంలో వందల ఇళ్ల గోడలు బీటలువారి కుటుంబాలను ఖాళీ చేయించవలసి వచ్చినప్పుడు, హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం రాడార్ చిత్రాలతో ఒక నివేదిక సిద్ధం చేసింది. 2022 ఏప్రిల్ నుంచి నవంబరు వరకు ఏడు నెలల్లో నేల గరిష్ఠంగా 8.9 సెంటీమీటర్లు నెమ్మదిగా కుంగిందనీ, డిసెంబరు 27 నుంచి జనవరి 8 వరకు కేవలం 12 రోజుల్లో 5.4 సెంటీమీటర్లు కుంగిందనీ, ఆ కుంగుదల పైఅంచు జోషీమఠ్-ఔలి రోడ్డు దగ్గర 2,180 మీటర్ల ఎత్తున ఉందనీ అది తెలిపింది. కొద్ది రోజులకే ఆ నివేదికను వెబ్‌సైట్ నుంచి తొలగించారు. ప్రజలు కంగారుపడతారన్న ఆలోచన అర్థం చేసుకోదగినదే అయినా, గోడలు పగిలిన ఇంట్లో ఉన్నవారికి కంగారు అప్పటికే ఉంది. వారికి లేనిది తమ కాలికింద నేల ఎంత కదిలిందన్న లెక్క. ఇంతకంటే బాధాకరమైన సంగతి మరొకటి ఉంది. ఆ పట్టణం పాత కొండచరియల శిథిలాల మీద నిలబడి ఉందని 1976లోనే మిశ్రా కమిటీ హెచ్చరించింది. ఆ కొండలను 2014 నుంచి సెంటినెల్-1 చూస్తూనే ఉంది. చిత్రాలు ఎవరికైనా ఉచితంగా దొరుకుతున్నాయి. ముందునాటి చిత్రం ఉంది, దానిని విప్పి చదివే విద్య దేశంలో ఉంది. అయినా ఏడు నెలల నెమ్మది కుంగుదల గోడలు పగిలాక గాని లెక్కకు రాలేదు.

ఈ లోటు సాంకేతికమైనది కాదని ఇటలీలోని టస్కనీ ప్రాంత ప్రభుత్వం ఆచరణలో చూపింది. సెంటినెల్-1 కొత్త చిత్రం వచ్చిన ప్రతిసారీ ప్రాంతమంతటి లెక్కను సరిచూసి, ఏ చుక్క కదలిక వేగం హఠాత్తుగా మారిందో గుర్తించి, అక్కడికి మనుషులను పంపి పరిశీలించే ఏర్పాటు ఆ ప్రభుత్వం చేసింది. 2022 నుంచి యూరప్ దేశాలు తమ ఖండమంతటి నేల కదలికల పటాన్ని ఉచితంగా ప్రజల ముందు ఉంచాయి. ఇల్లు కొనబోయేవారు కూడా తమ వీధిని అందులో వెతుక్కోవచ్చు. హిమాలయ పట్టణాలకు, బొగ్గు గనుల మీది ఊళ్లకు, సముద్రతీరపు నగరాలకు అటువంటి పటం భారతదేశంలో కూడా ఉండి తీరాలి.

దానికి కావలసిన అతి పెద్ద సాధనం ఇప్పుడు సిద్ధంగా ఉంది. ఇస్రో, నాసా కలిసి నిర్మించిన నైసార్ ఉపగ్రహాన్ని 2025 జూలై 30 సాయంత్రం శ్రీహరికోట నుంచి జీఎస్ఎల్‌వీ-ఎఫ్16 రాకెట్ కక్ష్యలోకి చేర్చింది. 12 మీటర్ల వ్యాసం గల జల్లెడ వంటి పరావర్తకాన్ని విప్పుకొని, 747 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, 12 రోజులకొకసారి అదే నేలను మళ్లీ చూసేలా దానిని రూపొందించారు. అందులో రెండు రాడార్లు ఉన్నాయి: నాసా సమకూర్చినదాని తరంగదైర్ఘ్యం 24 సెంటీమీటర్లు, ఇస్రో సమకూర్చినదానిది తొమ్మిది సెంటీమీటర్లకు పైచిలుకు. పొడుగు తరంగం ఆకులనూ రెమ్మలనూ దాటి కిందనున్న కాండాలనూ నేలనూ తాకుతుంది గనుక అడవుల్లో, తోటల్లో సంబద్ధత ఎక్కువకాలం నిలుస్తుంది. ఒక చుట్టుకు 12 సెంటీమీటర్ల కదలిక గనుక, నేల వేగంగా కుంగే గనుల దగ్గర లెక్క తప్పే ప్రమాదం కూడా తగ్గుతుంది. అయితే సన్నని కదలికను గుర్తించడంలో పొట్టి తరంగానికే మొగ్గు ఉంటుంది. అందుకే రెండూ కలిసి ఉండడం మేలు.

ఇస్రో రాడార్ 2025 ఆగస్టు 19న తీసిన మొదటి చిత్రం గోదావరి డెల్టాదే. మడ అడవులు, పొలాలు, తోటలు, చేపల చెరువులు అందులో వేటికవి విడిగా కనిపించాయి. ఆ డెల్టాలో నేల కదలికను కొలవడం అన్నిటికంటే కష్టమైన పనుల్లో ఒకటి, అత్యవసరమైన పనుల్లో కూడా ఒకటి. ఒండ్రు తన బరువుకు తానే అణిగి ప్రతి డెల్టా కుంగుతుంది. ఏటేటా వరద తెచ్చే కొత్త ఒండ్రు ఆ లోటు పూడుస్తుంది. ఎగువన ఆనకట్టల్లో ఒండ్రు ఆగిపోయిన నదికి ఆ పూడిక తగ్గుతుంది. తీరంలో సముద్రం ముందుకు వచ్చినప్పుడు నీరు పెరిగిందా, నేల దిగిందా అన్నది ఆటుపోట్ల కొలబద్ద ఒక్కటే చెప్పలేదు, ఎందుకంటే ఆ కొలబద్ద నిలబడింది కూడా ఆ నేలమీదే. రాడార్ ఆ ప్రశ్నను విడదీయగలదు గాని, దాని కొలత కూడా ఏదో ఒక నిలకడైన బిందువుతో పోల్చి చెప్పేదే గనుక, రాజమహేంద్రవరానికి ఎగువన తూర్పు కనుమల రాతినేల మీద ఒక ఆధార బిందువు, డెల్టాలో పలుచోట్ల శాశ్వత జీపీఎస్ రిసీవర్లు, ఊళ్లు పలచగా ఉన్న తీర గ్రామాల్లో గట్టి పునాది మీద బిగించిన మూలపలకలు ఉండాలి. ఇస్రో లెక్క ప్రకారం నైసార్ ఆయుష్షు అయిదేళ్లు. పలకను బిగించిన రోజు నుంచే ఆ చుక్కకు చరిత్ర మొదలవుతుంది.